ఊరి పేరు లేని నాణెం

బౌద్ధనగర్‌లో మా పక్క వాటాలో ఉండే పెద్దాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇనుమూ ఇత్తడీ పట్టిన చేతులు. లోహాన్ని తాకితే ఆయనకు తెలిసిపోతుంది. పాత నాణేలు కొంటారు. ఆయన మేనకోడలు ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఉంటూ ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. నాణేలు కొనేవాళ్లంటే ఆమెకు కోపం. ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగరు. నాణేలు కొనాలనుకునేవాళ్లకు ఇద్దరి మాటా అవసరమనిపించి రాస్తున్నాను. నేను ఎవరి పక్షాన ఉన్నానో ఆయా చోట్లే చెబుతాను.

మామ: కొనొద్దు కొనొద్దు అంటావు. నేను కొనకపోతే ఇది ఎక్కడికి పోయేదో చెప్పు బిడ్డా. చార్మినార్ రూపాయి, ఏడో నిజాం కాలంది. తూకం 11.18 గ్రాములు. అందులో నూటికి దాదాపు 82 పాళ్లు వెండి, అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు అసలు వెండి. పాట్ మార్కెట్లో వెండి కరిగించేవాడికి ఇది ఒట్టి బిళ్ల. 1950లో మన దగ్గరికి ఇండియా రూపాయి వచ్చింది. కొన్నాళ్లు రెండూ నడిచి, 1959తో నిజాం రూపాయి, అంటే హాలి సిక్కా, పని అయిపోయింది. ఆ తర్వాత ఎన్ని రూపాయలు కాళ్ల పట్టీలయ్యాయో, ఎన్ని కుంకుమ భరిణెలయ్యాయో! కొనేవాడు ఉన్నాడు కాబట్టే ఇది మూసలో పడకుండా మిగిలింది.

మేనకోడలు: ఈ రూపాయి గురించి నేనెప్పుడన్నా ఏమన్నా అన్నానా మామా? ఇది టంకశాల నాణెం. ఎక్కడ కొట్టారో, ఏ ఏడు కొట్టారో దానిమీదే ఉంది. ఎవరి చేతులు మారినా ఆ సంగతి దాన్ని వదిలిపోదు. నా పేచీ మట్టిలోంచి వచ్చే వాటితో.

మామ: మట్టి దాకా తర్వాత పోదాం. దానిమీదే ఉంది అన్నావు గదా, మొన్న మీ హాస్టల్ పిల్లలు వచ్చినప్పుడు ఒక్కరన్నా చదవగలిగారా? చదవడం రానివాడు కొనకూడదు. ఇదే నేను ముందు చెప్పే మాట. ఇటు చూడు. చార్మినార్ బొమ్మ నడిమి ద్వారంలో ఒక అరబ్బీ అక్షరం ఉంది. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, మీమ్ ఉంటే అంతకు ముందటి మహబూబ్ అలీ ఖాన్ కాలం. దగ్గర్లో 92 అంకె ఉంది చూశావా? ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చేది. కొత్తవాళ్లు దాన్నే ఏడు అనుకుని 1892 నాటి రూపాయి అని బేరం పెడతారు. అసలు ఏడు హిజ్రీలో ఉంటుంది. అరబ్బీ అంకెల్లో సున్నా ఒట్టి చుక్క. అయిదేమో మన సున్నాలా కనబడుతుంది. అక్కడ తప్పు చదివితే అయిదేళ్లో యాభై ఏళ్లో అటూ ఇటూ అయిపోతాయి.

మేనకోడలు: హిజ్రీ ఏడును 0.97తో గుణించి 622 కలిపితే మన ఏడు దాదాపుగా వస్తుంది. 1340 ఉంటే 1921-22.

మామ: అది నీ లెక్క. నా లెక్క విను. వెనకవైపు హైదరాబాద్ టంకశాల పేరుతో పాటు రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో కూడా ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో వచ్చాడు, అంటే హిజ్రీ 1329లో. కాబట్టి ముందువైపు ఉన్న ఏడులోంచి 1328 తీసేస్తే ఎంత వస్తుందో, వెనకవైపు అంతే ఉండాలి, లేదా ఒకటి తక్కువుండాలి. 1340 ఉన్న నాణెం మీద 11 గానీ 12 గానీ. ఇంకే అంకె కనబడ్డా చేతిలోంచి కింద పెట్టు. నకిలీలు చేసేవాళ్లు ఒక నాణెం ముందువైపూ ఇంకో నాణెం వెనకవైపూ అచ్చు తీస్తారు, ఈ కూడిక వాళ్లకు రాదు.

ఈ లెక్క నాకు చాలా నచ్చింది. అద్దం అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. దుకాణం ముందు నిలబడి మనసులో చేసుకోవచ్చు.

మేనకోడలు: అంకెలు కుదిరినంత మాత్రాన వెండి అయిపోతుందా?

మామ: కాదు. నగల తూకపు చిన్న తక్కెడ ఒకటి కొనుక్కోవాలి, గ్రాములో నూరో వంతు చూపించేది. దానిమీద నీళ్ల గ్లాసు పెట్టి తూకం సున్నా చెయ్యి. నాణేన్ని సన్న దారానికి కట్టి, అడుగు తగలకుండా అంచు తగలకుండా నీళ్లలో వేలాడదియ్యి. తక్కెడ ఒక గ్రాము మీద ఒక పాయింటు, 1.1 దగ్గర నిలబడితే 82 పాళ్ల వెండి. 1.3 చూపిస్తే జర్మన్ సిల్వర్, అందులో వెండి చుక్కయినా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి రూపాయిలకు ఈ లెక్క పెట్టకు, అప్పుడు వెండి తగ్గించారు. బ్రిటిష్‌వాళ్ల కల్దారు రూపాయిలదీ అదే కథ. జార్జి రూపాయి తూకం 11.66 గ్రాములు, 1940కి ముందు వెండి 91.7 పాళ్లు, ఆ తర్వాత సగానికి దింపారు. 1947 మీద పులి బొమ్మ ఉన్నది ఒట్టి నికెల్, అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. దాన్ని కూడా వెండి రూపాయి అని ఎంతమందికి అంటగట్టారో. ఇక అంచు. నిజమైనది పెద్ద ఒత్తిడితో అచ్చు కొట్టింది. పోతపోసినదానికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగంలో సూది మొనంత గుంటలు ఉంటాయి, అవి పోతలో చిక్కిన గాలిబుడగలు. వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు అవే చూశాను.

మేనకోడలు: ఇంత తెలిసిన నువ్వు మొన్న జుమ్మెరాత్ బజార్‌లో ఆ హనుమంతుడి అణాలు అమ్మేవాణ్ణి ఎందుకు ఏమీ అనలేదు?

మామ: అన్నాను. వాడు వినడు. ఒకపక్క హనుమంతుడో రామ పట్టాభిషేకమో, రెండోపక్క ఈస్టిండియా కంపెనీ పేరు, 1616 అనో 1717 అనో 1818 అనో ఏడు. అలాంటి నాణెం కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు బిడ్డా. దేశమంతటికీ ఒకే తీరు నాణేలు వచ్చింది 1835లో, వాటిమీద ఉన్నది నాలుగో విలియం రాజు తల. అంతకు ముందు బెంగాల్‌ది వేరు, బొంబాయిది వేరు, మద్రాసుది వేరు.

మేనకోడలు: మద్రాసు వరహాల మీద దేవుడు ఉన్నాడు మరి. కంపెనీవాళ్లు కొట్టిన మూడు స్వాముల వరహా మీద ఉన్నది వేంకటేశ్వరుడూ ఇద్దరు దేవేరులూ. కంపెనీ నాణెం మీద దేవుడు ఉండడు అని చెబితే అది అబద్ధమవుతుంది. అమ్మేవాడు ఆ వరహా చూపించి నీ నోరు మూయిస్తాడు.

మామ: అది చూపిస్తే ఇంకా మంచిదే. ఆ వరహా బంగారం, మూడున్నర గ్రాములకు లోపు, చింతగింజంత. దానిమీద ఒక్క ఇంగ్లీషు అక్షరం ఉండదు. ఇక్కడి బజారులో ఇక్కడి జనం నమ్మి పుచ్చుకోవాలని ఇక్కడి బొమ్మ వేశారు. వీడు అమ్మే రాగి బిళ్ల మీద ఇంగ్లీషులో కంపెనీ పేరు, పక్కన పట్టాభిషేకం. రెండూ ఒకచోట ఉండడమే నకిలీకి గుర్తు. గుడిలో కానుకగా, ఇంట్లో పూజలో పెట్టుకునే రామటంకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని అలాగే అమ్మితే, అలాగే కొనుక్కుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. నాణెం అన్నప్పుడే మోసం.

మేనకోడలు: ఫోన్లలో తిరిగే వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ల సంగతీ రాయించు మామా. 2012లో విడుదల చేసిన బిళ్ల అది, దానికి లక్షలిస్తామని ఎవరో చెబితే మా హాస్టల్లో ఒకమ్మాయి కమిషన్ పేరుతో ముందే డబ్బు కట్టింది. రిజర్వు బ్యాంకు పేరూ గుర్తూ పెట్టి పాత నోట్లకూ నాణేలకూ కమిషన్, పన్ను అడుగుతున్నారని, వాటితో తమకు ఏ సంబంధమూ లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

మామ: నిజంగా కొనేవాడు నీ దగ్గర డబ్బు ముందు అడగడు. అంతే.

ఇక్కడ ఇద్దరిదీ ఒకే మాట కనుక త్వరగా దాటేస్తున్నాను. నాణేన్ని చింతపండుతో తోమొద్దన్న దగ్గర కూడా వాళ్లకు తేడా లేదు. తోమితే మెరుస్తుంది, మెరిసినకొద్దీ ధర పడిపోతుంది. ఏళ్ల తరబడి పట్టిన పొర పోయాక మళ్లీ రాదు.

ధర దగ్గరే అసలు తగవు మొదలైంది. పెద్దాయన ఒక రాగి నాణెం తీసి బల్లమీద పెట్టారు. గుండ్రంగా కూడా లేదు. గోల్కొండది, అబ్దుల్లా కుతుబ్ షా కాలపుది.

మామ: దీని ధర ఎంతో చెప్పు. ఒక పూట బిర్యానీకి అయ్యేంత. దీనిమీద ఉన్నది, శుభంగా, సౌభాగ్యంతో ముగిసింది అని. ఏడు 1068. ఔరంగజేబు 1656లో గోల్కొండను చుట్టుముట్టి, కప్పం ఒప్పించుకుని వెళ్లిన తర్వాతది. గోల్కొండ పడిపోయినప్పటి నాణెం అని ఎవడన్నా ధర పెంచితే ఏడు చూపించు. 1068 అంటే 1657-58. కోట పడింది 1687లో. ఇంత చరిత్ర బిర్యానీ ధరకు దొరుకుతుంది, ఎందుకంటే ఈ రకం చాలా ఉంది. ధర పెట్టేవి మూడే: ఎన్ని మిగిలాయి, ఎంత చెడకుండా మిగిలాయి, ఎంతమందికి కావాలి. 1911 నాటి జార్జి రూపాయి చూడు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గోల చేస్తే, కొట్టిన తొంభై లక్షల పైచిలుకులో బజారులోకి వచ్చిన ఏడు లక్షలు తప్ప మిగతావన్నీ కరిగించారు. అందుకే దానికి ఆ ధర. చరిత్రకు బజారులో ధర లేదు, కొరతకే ధర.

మేనకోడలు: చరిత్రకు ధర లేదని నువ్వే అన్నావు గదా! అమ్మేవాడికి చరిత్ర అక్కర్లేదు కాబట్టే దాన్ని పారేసి బిళ్లను మాత్రం తెస్తాడు. మామా, కోటిలింగాల సంగతి తీసుకో. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలిసే చోటు. 1970ల్లో అక్కడి నాణేలను పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రిగారు చదివితే చిముక సాతవాహనుడి పేరు బయటపడింది. పురాణాల్లో వంశానికి మొదటివాడని చెప్పే సిముకుడు! అతనికంటే ముందు గోబద, నారన, కంవాయ, సమగోప అని ఏ పురాణమూ చెప్పని రాజులు. సాతవాహనులు పైఠాన్ వైపునుంచి వచ్చారా, ఇక్కడే మొదలయ్యారా అన్న వాదం మొత్తం ఆ నాణేలు కోటిలింగాలలో దొరికాయి అన్న ఒక్క విషయం మీద నిలబడింది. అవే బిళ్లలు, అవే అక్షరాలు, ఊరి పేరు లేకుండా బజారులో బేరానికి వచ్చి ఉంటే? చిముకుడి నాణెం అని పెద్ద ధర పలికేది. మన నేల గురించి ఒక్క ముక్క కూడా చెప్పగలిగేది కాదు.

మామ: ఆగు. ఆ నాణేలు ముందు ఎవరు ఏరారు? వానలకు మట్టి కొట్టుకుపోతే పైకి తేలినవి ఊరివాళ్లు ఏరారు. సంగనభట్ల నరహరిశర్మగారి లాంటి స్థానికులు వాటిని పట్టించుకుని శాస్త్రిగారి దాకా చేర్చారు. నాణెం మీద పిచ్చి ఉన్నవాడు లేకపోతే మీ పరిశోధనకు ఆ చిముకుడే లేడు. తర్వాత ఎల్లంపల్లి నీళ్లు ఆ ఊరిదాకా వచ్చాయి. సర్కారు కాపాడుతుందని చేతులు కట్టుకుని కూర్చుంటే నదిలోకి పోయేవి నదిలోకే పోతాయి.

ఈ మాటకు ఆమె కాసేపు జవాబు చెప్పలేదు. నేనూ ఇక్కడ పెద్దాయన పక్షమే. మన ప్రాంతపు నాణేల చదువులో ఉద్యోగం కోసం కాక ఇష్టంతో వచ్చినవాళ్ల వాటా చాలా పెద్దది. హైదరాబాదులో న్యూరోసర్జన్‌గా పేరు తెచ్చుకున్న డాక్టర్ దేమె రాజారెడ్డిగారు ఆంధ్ర, తెలంగాణ ప్రాచీన నాణేల మీద పుస్తకాలే రాశారు.

మేనకోడలు: వాళ్లు చేసింది నువ్వు సరిగ్గా చెప్పావు, ఒక్కటి వదిలేశావు. వాళ్లు ఊరి పేరు పోనివ్వలేదు. ఎక్కడివి, ఏ నాణెంతో పాటు ఏది దొరికింది అన్నది రాసి పెట్టారు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. మొత్తం ఒక్కచోట ఉంది కాబట్టి రోము వెండి మన దగ్గరికి ఎప్పటిదాకా వచ్చిందో లెక్క కట్టగలిగారు. ఆ కుప్పను ముప్ఫై మంది పంచుకుని కొనుక్కుంటే ముప్ఫై అల్మారాల్లో ముప్ఫై వెండి బిళ్లలు ఉండేవి. తార్నాక దస్త్రాలయంలో నేను చూసే మొగలు కాలపు కాగితాలు సైనికుల, గుర్రాల హాజరు వివరాలు. ఒక్క కాగితంలో ఒక గుర్రం రంగు, మచ్చ ఉంటాయి. కట్ట మొత్తం ఉంటేనే దక్కనులో సైన్యం ఎలా నడిచిందో తెలుస్తుంది. కట్ట విప్పి కాగితాలు విడివిడిగా అమ్మితే ఒప్పుకుంటావా?

మామ: ఒప్పుకోను. కానీ రైతు ఎందుకు చెప్పాలి? చట్టం సంగతి నాకూ తెలుసు. 1878 నిధుల చట్టం. పది రూపాయలు మించిన విలువ గలది భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలి, దాస్తే జైలు. సరే, చెప్పాడు. సర్కారు దాన్ని ఉంచుకోవాలంటే ఏమిస్తుంది? లోహం విలువ, దానిమీద అయిదో వంతు. సాతవాహన సీసం నాణేనికి సీసం ధర కట్టి అయిదో వంతు కలిపితే ఎంత బిడ్డా? టీ తాగడానికి రాదు. నేనిచ్చేది వందలు. చెబితే సీసం ధర, చెప్పకపోతే నా ధర. నిజం చెప్పినవాడికి నష్టం వచ్చేలా రాశారు చట్టాన్ని.

మేనకోడలు: అది తప్పే. మా శాఖలో చాలామంది ఒప్పుకోకపోవచ్చు, నేను ఒప్పుకుంటాను. ఊరు చెప్పినవాడికి బజారు ధర ఇవ్వాలి, ఆ ఊరు చెప్పినందుకు ఇంకా ఎక్కువివ్వాలి. అయినా ఆ చట్టం మారేదాకా నువ్వు ఇచ్చే వందలు పలుగు పట్టుకుని దిబ్బలు తవ్వేవాడికి కూలి అవుతున్నాయి. వానకు తేలింది ఏరడం వేరు, నీకు అమ్మడానికి తవ్వడం వేరు. తవ్వినవాడు నాణెం తీసుకుని కుండపెంకులు, పూసలు, బొగ్గు పారేస్తాడు. నాకు కాలం చెప్పేవి అవే.

మామ: నేను కొనేది తవ్వినదో తేలినదో నాకెలా తెలుస్తుంది?

మేనకోడలు: తెలియదు. అందుకే కొనొద్దంటున్నాను. పైగా 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, నువ్వు దాన్ని దేశం దాటించలేవు. జహంగీరు వేయించిన పన్నెండు కిలోల వెయ్యి మొహర్ల బంగారు నాణెం నిజాముల ఇంట్లో ఉందని చెప్పుకునేవాళ్లు. 1987లో అది జెనీవా వేలంలోకి వచ్చింది. సీబీఐ వెతికినా ఇప్పటికీ ఎక్కడుందో తేలలేదు. దేశంలోకెల్లా బలమైన ఇంటి సొత్తుకే ఆ గతి పట్టింది. రాగి, సీసం బిళ్లల కోసం ఎవరు వెతుకుతారు?

మామ: సీసం అన్నావు గనుక ఇది చూడు. నిన్న రాత్రి ఫోనులో వచ్చిన ఫొటో. చిన్న బిళ్లలు, ఒకపక్క ఏనుగు, రెండోపక్క ఉజ్జయిని గుర్తు. ఇరవై దాకా ఉన్నాయట.

మేనకోడలు: ముందు మంచివో కావో చెప్పు, అది నీ విద్య.

మామ: చాలావరకు మంచివే అనిపిస్తోంది. సీసం మట్టిలో ఏళ్లు ఉంటే తెల్లటి పొడి పొర కడుతుంది, అది గుంటల్లోకి దిగి గట్టిగా ఉండాలి. పైన రాసిన సున్నం అయితే తడి వేలితో పోతుంది. ఆ పొడి విషం కూడా, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. ఈ రెండిటినీ చూడు, అంచున ఒకే చోట ఒకే తీరు పగులు. చేత్తో కొట్టిన నాణేల్లో రెండు ఒకేలా పగలవు. ఇవి రెండూ ఒకే అచ్చులో పోసినవి. మంచివాటిలో కలిపి అమ్ముతున్నాడు.

మేనకోడలు: మిగతా పద్దెనిమిదీ ఎక్కడివట?

మామ: కరీంనగర్ వైపు అన్నాడు.

మేనకోడలు: కరీంనగర్ వైపు అంటే పెద్దబంకూరు కావచ్చు, ధూళికట్ట కావచ్చు, కోటిలింగాల కావచ్చు. మూడూ మూడు వేరే చరిత్రలు. పెద్దబంకూరు తవ్వకాల్లో సాతవాహన నాణేలు వేల సంఖ్యలో దొరికాయి, వాటి పక్కన ఇవి పెట్టి చూడాలి. ఊరు అడుగు.

మామ: అడిగితే చెప్పడు.

మేనకోడలు: చెప్పకపోతే కొనకు.

మామ: చెబితే?

మేనకోడలు: చెబితే అప్పుడూ కొనే ముందు కలెక్టరుకు రాయాలి, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చూపించాలి.

మామ: రాస్తే ఆ మనిషి మళ్లీ నాకు ఫోను చెయ్యడు. ఈ పద్దెనిమిదీ బెంగళూరుకో ముంబైకో పోతాయి. నువ్వు చెప్పినట్టు చేస్తే నాకూ దక్కవు, నీకూ దక్కవు.

మేనకోడలు: పోనీ. ఈ ఫొటో నీ దగ్గర ఉంది గదా. బొమ్మలు, ఎన్ని ఉన్నాయి, ఏ రోజు వచ్చాయి, తూకం చెబితే తూకం, ఊరు చెబితే ఊరు, అన్నీ రాసి ఆ ఫొటోతో పాటు నాకివ్వు. బిళ్లలు ఎవరి చేతిలో పడ్డా, అవి అక్కడ దొరికాయన్న సంగతి మిగులుతుంది. నువ్వు ఇన్నేళ్లలో కొన్న మట్టి నాణేలకూ అలాగే రాయి. ఎవరి దగ్గర కొన్నావో, వాడు ఏ ఊరి పేరు చెప్పాడో నీకు గుర్తున్నంత కాలమే అవి చరిత్ర.

మామ: పెట్టెలో మూడు వందలకు పైగా ఉన్నాయి బిడ్డా.

మేనకోడలు: గుర్తున్నవాటితో మొదలుపెడదాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను. తక్కెడ ఇటు పెట్టు.